కండక్టర్ కామేశ్వరి నాదా, యాప్‌దా, యూట్యూబ్ వాళ్లదా?

తణుకు_టిక్కెట్టు
2019 నుంచి ఒక కథల యాప్‌లో సిరీస్ రాస్తున్నాను. కామేశ్వరి తణుకు – రావులపాలెం పల్లెవెలుగు బస్సులో కండక్టరు. బస్సులో పోయిన వస్తువులు, మారిపోయిన సంచులు, తప్పిపోయిన ముసలాళ్లు, ఇలాంటి చిన్న చిన్న చిక్కులు విప్పుతూ ఉంటుంది. చెవి వెనక పెన్ను. చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిస్తుంది. దొంగ ఎవరో చెప్పేముందు "దిగాల్సినవాళ్లు ముందుకు రండి" అంటుంది. ఇప్పటికి 34 కథలయ్యాయి.

మొన్న మా చెల్లెలు ఒక వెబ్ సిరీస్ లింకు పంపింది. పేరు కండక్టర్ కాంతమ్మ. పల్లెవెలుగు బస్సు. చెవి వెనక పెన్ను. అదే మాట! రెండో ఎపిసోడ్ అయితే పెళ్లి నగల సంచి మారిపోయే నా ఏడో కథే, ఊరి పేరు ఒక్కటే మార్చారు. మెయిల్ పెడితే "మేడమ్, ఐడియాకి కాపీరైట్ ఉండదు, కండక్టర్లు రాష్ట్రమంతా ఉన్నారు" అని జవాబు. యాప్ వాళ్లకు రాస్తే "హక్కుల విషయం మా నిబంధనల ప్రకారం ఉంటుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇంతకీ ఆవిడ ఎవరి మనిషి?

నిద్రలేని_నాగులు
కాంతమ్మ చిల్లర తిరిగి ఇస్తోందా? ఇస్తే మాత్రం అది కచ్చితంగా కల్పిత పాత్రే.

గోదారిగట్టు
బాధ అర్థమైంది కానీ, కండక్టర్ అంటే మనందరం చూసిన మనిషే కదండీ. చెవి వెనక పెన్ను మా ఊరి కిరాణా కొట్టాయనకీ ఉంది, వడ్రంగికి పెన్సిలుంది. ఒకరు రాశారని ఇంకొకరు రాయకూడదంటే ఎలా? ఘటోత్కచుడి మీద ఎంతమంది రాయలేదు, ఎంతమంది తీయలేదు!

హైకోర్టు_మెట్లు
గోదారిగట్టు గారు చెప్పింది సగం నిజం. ఘటోత్కచుడు అందరివాడు. భీముడూ అందరివాడే. కానీ లడ్డూ తినగానే బలం వచ్చే, ఢోలక్‌పూర్‌లో ఉండే ఛోటా భీమ్ మాత్రం హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ కంపెనీది. 2008 నుంచి టీవీలో వస్తున్నాడు. మీరు కొత్త భీముణ్ణి రాసుకోవచ్చు, ఆ భీముడి బొమ్మ వేసి స్కూలు బ్యాగులు అమ్మితే నోటీసు వస్తుంది.

ఐడియాకి కాపీరైట్ లేదన్న మాట కూడా నిజమే. 1978లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఆర్.జి. ఆనంద్ కేసు. ఆయన నాటకం చూసి 'న్యూ ఢిల్లీ' సినిమా తీశారని ఆయన దావా. ఇతివృత్తం ఒకటే అయినా చెప్పిన తీరు వేరంది కోర్టు, ఆయన ఓడిపోయాడు. అంతమాత్రాన ఏం తీసుకున్నా చెల్లుతుందని కాదు. నాగరాజ్ కామిక్స్ వాళ్లు నాగేశ్ అనే పాత్ర మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి దాన్ని ఆపించారు. పేరు, వేషం, శక్తులు అన్నీ కలిపి చూశారు అక్కడ.

మేడమ్ గారూ, పేరు గురించి మాట్లాడకండి. అన్నీ కలిపి ఒక జాబితా రాయండి. పల్లెవెలుగు, పెన్ను, టికెట్ వెనక రాత, ఆ మాట, దానిపైన ఏడో కథలో సంఘటనల వరుస. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ మీది కాదు. అన్నీ ఒకచోట ఉంటేనే మీది.

సినిమా_సందు
లాయరు గారు చెప్పిందంతా పుస్తకంలో బాగుంటుంది. నేను తొమ్మిదేళ్లుగా కృష్ణానగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ని. ఒక ఆఫీసులో మూడు గంటలు కథ చెప్పాను, టీ కూడా ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత థియేటర్లో ఇంటర్వెల్ సీను చూస్తే నాదే. మా ఆవిడ మోచేత్తో పొడిచింది, "ఇది నువ్వు నాకు చెప్పావు కదా" అని. ఏం చేశాను? పాప్‌కార్న్ తిన్నాను. కథ రిజిస్టర్ చేయలేదు, మెయిల్ లేదు, చెప్పినప్పుడు సాక్షి లేడు.

మేడమ్ అదృష్టం, మీకు యాప్‌లో తేదీలున్నాయి. అవి కాపాడుకోండి. స్క్రీన్‌షాట్లు, సబ్‌మిట్ చేసినప్పటి మెయిళ్లు, పాఠకుల కామెంట్లు. వాళ్లు అవి తీసేయకముందే.

చిట్టిగారె
నా కథ నాకే రిజిస్టర్ పోస్టులో పంపుకుని కవరు చించకుండా దాచుకుంటే చాలని మా మేనమామ అనేవారు. ఆయన బీరువాలో అలాంటి కవర్లు పదకొండు ఉన్నాయి. కథల్లో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

హైకోర్టు_మెట్లు
ఆ కవరుకు చట్టంలో ప్రత్యేకమైన విలువేమీ లేదండీ, తేదీకి ఏదో కొంచెం సాక్ష్యం అంతే. రాసిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకోవాలంటే సాహిత్య రచనకు 500 రూపాయల ఫీజు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తర్వాతే పరిశీలిస్తారు. మేనమామ గారి స్టాంపుల ఖర్చే ఎక్కువై ఉంటుంది.

బొమ్మలబాబు
ఒక సందేహం. ఆ సిరీస్ ముఖచిత్రం ఎవరు వేశారు? నేను యాప్‌లకు కవర్లు వేస్తుంటాను (ఇది కాదు). చాలాసార్లు రచయిత ముక్కు, జుట్టు కూడా రాయరు. మేమే కనిపెడతాం. తర్వాత రచయితలు మా బొమ్మ చూసి రాస్తారు. బుడుగు అనగానే మీకేం గుర్తొస్తుంది? ముళ్లపూడి గారి మాటలా, బాపు గారి బొమ్మా? నాకైతే ముందు బొమ్మే.

పాతపుస్తకాల_పిచ్చి
నాకు మాటలే. "నా పేరు బుడుగు" అనగానే గొంతు వినిపిస్తుంది, మొహం తర్వాత. కానీ పాయింటు మంచిదే. ముళ్లపూడి గారు 2011లో పోయారు, బాపు గారు 2014లో. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్లు లెక్క, పోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి. అంటే బుడుగు మాటలు 2071 ఆఖరుదాకా, బొమ్మలు 2074 ఆఖరుదాకా వారసుల చేతిలో ఉంటాయి. మధ్యలో మూడేళ్లు బుడుగు మాట్లాడొచ్చు, కనిపించకూడదు.

నిద్రలేని_నాగులు
ఆ మూడేళ్లూ రేడియో నాటకం వేసుకుంటాం.

తణుకు_టిక్కెట్టు
బొమ్మలబాబు గారూ, మీరు అడిగాక పాత ఫైళ్లు తీసి చూశాను. సిగ్గుగా ఉంది కానీ నిజం చెబుతాను. మొదటి ఆరు కథల్లో పెన్ను లేదు. యాప్ వాళ్లు కవరు వేయించారు, ఆ ఆర్టిస్టు ఎడమ చెవి వెనక పెన్ను పెట్టాడు. నాకు నచ్చి ఏడో కథ నుంచి నేనూ రాశాను.

రేపల్లె_ప్యాసింజర్
డామిట్! కథ అడ్డంగా తిరిగింది.

హైకోర్టు_మెట్లు
ఇది ముందే చెప్పడం మంచిదైంది. అవతలి లాయరు చెబితే ఇంకా బాగోదు. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి యజమాని. అంటే ఆ కవరు బొమ్మ చాలావరకు యాప్‌దే అవుతుంది.

సినిమా_సందు
అంటే పెన్ను యాప్‌ది, చెవి మేడమ్‌ది.

బొమ్మలబాబు
ఆర్టిస్టుది ఏదీ లేదన్నమాట. ఎప్పటిలాగే.

డల్లాస్_దొర
బొమ్మలబాబు గారూ, ఒంటరితనం ఫీలవకండి. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన ఇద్దరు కుర్రాళ్లు, సీగెల్, షుస్టర్, 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చేశారు. ముసలితనంలో గొడవ చేస్తే, సినిమా రాబోతుందని పరువు కోసం 1975లో ఏడాదికి 20,000 డాలర్ల పింఛను ఇచ్చారు. పాత్ర పక్కన వాళ్ల పేర్లూ అప్పుడే మళ్లీ వేశారు.

ఇక్కడ మా తెలుగు సంఘం నాటికల్లో నేను గిరీశం వేస్తాను. ప్రతి ఏడాదీ గిరీశాన్ని హెచ్1బి లాటరీలో ఓడిస్తాం. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. పోయినసారి ఒకాయన మిక్కీ మౌస్‌ను కూడా తెద్దాం, 2024లో ఫ్రీ అయిపోయింది కదా అన్నాడు. 2024లో ఫ్రీ అయింది 1928 నాటి నలుపు తెలుపు మిక్కీ మాత్రమే, చేతులకు తొడుగులు కూడా లేని ఎలుక. పైగా ట్రేడ్‌మార్కు అలాగే ఉంది. మా కోశాధికారి వద్దన్నారు.

టెన్త్_తేజ
నేను బాహుబలి తర్వాతి తరం కథ నోట్‌బుక్‌లో రాస్తున్నాను, 140 పేజీలు అయ్యాయి. జైల్లో పెడతారా??

హైకోర్టు_మెట్లు
నోట్‌బుక్‌లో ఉన్నంతవరకు ఎవరూ రారు బాబూ. అచ్చువేసి అమ్మితే, సినిమా తీస్తే అప్పుడు సంగతి. పరీక్షలయ్యాక రాసుకో.

టెన్త్_తేజ
మా అమ్మ కూడా ఇదే తీర్పు ఇచ్చింది.

ఏడో_వాటాదారు
నా గొడవ ఇక్కడే చెప్పొచ్చా? మా తాతగారు 1970ల్లో డిటెక్టివ్ నవలలు రాశారు, దాదాపు నలభై. ఒక్కోదానికి 300 రూపాయలు ఇచ్చేవారట. పుస్తకం రెండో పేజీలో "సర్వస్వామ్య సంకలితం" అని ఉంది, ఎవరి స్వామ్యమో లేదు. ఇప్పుడు ఒక ప్రచురణకర్త వాటిని మళ్లీ అచ్చు వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అడిగితే ఇన్‌లాండ్ లెటర్ ఒకటి ఫొటో తీసి పంపారు. తాతగారి దస్తూరీనే. "ఈ నవల మీకు ఇచ్చివేయుచున్నాను" అని ఒక్క వాక్యం, సంతకం. ఎన్నేళ్లకో, ఎక్కడికో, ఏం లేదు.

రేపల్లె_ప్యాసింజర్
చాలా తేలిక. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అని చట్టంలో ఉంది, 19వ సెక్షన్. 1980లోనే మీకు వెనక్కి వచ్చేశాయి. నోటీసు కొట్టండి!

హైకోర్టు_మెట్లు
ఆగండాగండి. ఆ అయిదేళ్ల రూలు 1994 సవరణతో వచ్చింది. దానికి ముందు రాసిచ్చిన వాటికి వర్తించదని అదే సెక్షన్‌లో కింద ఉంది. చాలామంది అక్కడిదాకా చదవరు. కాబట్టి తాతగారి ఉత్తరాన్ని ఆ వాక్యం బట్టే చదవాలి. "ఈ నవల" అన్నారు. ఏ నవల? ఒక్క ఉత్తరం చూపించి నలభై వేస్తుంటే మిగిలిన ముప్పైతొమ్మిదికి కాగితం అడగండి.

ఏడో_వాటాదారు
ఇది మాకు తట్టలేదు! కానీ ఇంకో చిక్కు. తాతగారి పిల్లలు నలుగురు, ఇద్దరు పోయారు, వాళ్ల పిల్లలతో కలిపి ఇప్పుడు ఏడుగురం. ఒకరు కెనడా. ఇద్దరికి మాటల్లేవు, కారణం పుస్తకాలు కాదు, కొబ్బరితోట. కొత్త ప్రచురణకర్త ఎవరైనా వచ్చినా ఏడుగురి సంతకాలు కావాలంటారు. ఆ డిటెక్టివ్ ఎన్ని హత్యలు ఛేదించాడో గానీ మా ఇంటి పంచాయితీ ఛేదించలేడు.

పాతపుస్తకాల_పిచ్చి
తమిళనాడులో ఇలాంటి చోట ప్రభుత్వం వారసులకు డబ్బిచ్చి రచనలను ప్రజలపరం చేస్తుంది. భారతియార్ పాటల హక్కు ఒకప్పుడు సినిమా నిర్మాత చేతిలో ఉండేది. 1949లో ప్రభుత్వం తీసుకుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ అలవాటు పడితే బాగుండు, ఎన్ని మంచి పుస్తకాలు కొబ్బరితోటల మధ్య ఇరుక్కుపోయాయో.

బారిస్టర్ పార్వతీశం కోసం నేను ఎదురుచూస్తున్నాను. మొక్కపాటి వారు 1973లో పోయారు, 2034 జనవరి 1న ఆయన మళ్లీ రైలెక్కుతారు. చిలకమర్తి వారు 1946లో పోయారు కాబట్టి ఆయన నవల్లో గణపతి ఎప్పుడో మనవాడైపోయాడు, ఎవరూ ఏమీ చేయట్లేదు అది వేరే సంగతి.

గోదారిగట్టు
చూశారా, నేనన్నదే. 60 ఏళ్లు మరీ ఎక్కువ. మనవళ్లకు కూడా ఆ పుస్తకం చదివే ఓపిక ఉండదు, హక్కు మాత్రం కావాలి.

పాతపుస్తకాల_పిచ్చి
మొదట 50 ఏళ్లే. టాగూర్ 1941లో పోయారు, 1991 ఆఖరుతో విశ్వభారతి హక్కులు అయిపోతాయని అందరికీ కలిపి మరో పదేళ్లు పెంచారు. ఒక్క గడ్డం కోసం దేశమంతా పదేళ్లు ఆగింది.

ఏడో_వాటాదారు
గోదారిగట్టు గారూ, ఓపిక ఉండదని ఎలా అంటారు? నలభైలో ముప్పైరెండు చదివాను. మిగిలినవి దొరకలేదు.

గోదారిగట్టు
సారీ అండీ. మీకు మినహాయింపు.

విశ్రాంత_ఉపసంపాదకుడు
నేను ఒక వారపత్రికలో 26 ఏళ్లు పనిచేశాను. అప్పట్లో కథతో పాటు హామీపత్రం అడిగేవాళ్లం. ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు అని. చాలామంది రచయితలు ఆ కాగితంతో హక్కులన్నీ పత్రికకు పోయాయనుకునేవారు. అది తప్పు. బయటి రచయిత పంపిన కథ మీద ఆయన రాసివ్వకపోతే పత్రికకు ఉన్నది అచ్చువేసే అనుమతే. జీతానికి పనిచేసేవాళ్లు రాసింది కూడా, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో వేసుకునే మేరకే యజమానిది, మిగతావన్నీ రాసినవాడివి.

అయితే చట్టం ఒకటి, బతుకు ఒకటి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు దశాబ్దాలపాటు సీరియళ్లు రాశారు, ఆయన పేరు పడేది కాదు. పిల్లలుగా చదివిన మాకు ఆ రాక్షసులు, ఆ మాంత్రికులు చందమామ వాళ్లే అనిపించేవారు. రాసిన మనిషి ఒకరున్నారని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

సినిమా_సందు
సార్, మా దగ్గర ఘోస్టు రైటర్లకు ఆ అనామకత్వం కూడా రొటీనే. పేరు పడదు, చెక్కు పడితే పండగ.

చిట్టిగారె
మరి గబ్బర్‌సింగ్ సంగతేంటి? పేరేమో షోలేది, మనిషేమో దబంగ్‌ది, డాన్స్ మనది.

హైకోర్టు_మెట్లు
మంచి ఉదాహరణ, మర్చిపోయాను. 2012 సినిమాకు రీమేక్ హక్కులు కొన్నారు, గొడవ లేదు. 2016లో సర్దార్ గబ్బర్‌సింగ్ వచ్చేముందు దబంగ్ నిర్మాతలు బాంబే హైకోర్టుకు వెళ్లారు, చుల్‌బుల్ పాండే పాత్ర మాది అని. అలాంటి విలక్షణమైన పాత్రకు రక్షణ ఉండొచ్చని జడ్జి ఒప్పుకున్నారు. కానీ రిలీజ్ ముంగిట్లో వచ్చారని స్టే ఇవ్వలేదు. మేడమ్ గారూ, ఇందులో మీకు పనికొచ్చేది రెండోది. ఆలస్యం చేయకండి.

తణుకు_టిక్కెట్టు
సరే, అసలు సంగతి దొరికింది. యాప్ నిబంధనలు 41 పేజీలు నిన్న రాత్రి కూర్చుని చదివాను. మామూలు కథలకు యాప్‌లో ఉంచుకునే అనుమతి మాత్రమే, మిగతా హక్కులు రచయితవే అని స్పష్టంగా ఉంది. ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. ఏడో కథ 2021లో వాళ్ల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. 3,000 రూపాయలు. ఆ పోటీ నిబంధనల్లో "బహుమతి పొందిన కథల దృశ్యరూప హక్కులు సంస్థకు చెందుతాయి" అని ఉంది. నేను టిక్కు పెట్టాను. ఆ రోజు నేను చూసింది బహుమతి మొత్తం ఒక్కటే.

రేపల్లె_ప్యాసింజర్
అయ్యో.

నిద్రలేని_నాగులు
కామేశ్వరి కథలో దొంగ ఎప్పుడూ పక్క సీట్లోనే ఉంటాడు కదా మేడమ్.

హైకోర్టు_మెట్లు
అందుకే యాప్ వాళ్లు ముక్తసరిగా రాశారు. బహుశా అమ్మేసి ఉంటారు, అది కాగితం చూస్తే గానీ తెలీదు. కంగారు పడకండి, ఇప్పుడు చట్టం మీవైపే కొంచెం ఒరిగింది. మీది 1994 తర్వాతి ఒప్పందం. ఒకటి, రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి, టిక్కు సంతకమవుతుందా అన్నది వాదించుకోవచ్చు. రెండు, వేరే మాట రాయకపోతే ఏడాదిలోగా వాడని హక్కు వెనక్కి పోతుంది. 2021 పోటీకి వెబ్ సిరీస్ ఇప్పుడొచ్చింది. మూడు, ఒకవేళ అన్నీ వాళ్లవే అనుకున్నా అది ఏడో కథ ఒక్కటే. కామేశ్వరి మిగిలిన 33 కథల్లో మీ దగ్గరే ఉంది. నాలుగు, హక్కులు అమ్మేసినా రచయితగా పేరు అడిగే హక్కు పోదు, 57వ సెక్షన్. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలను సినిమాకు ఇచ్చాక కూడా వక్రీకరించారని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, అమ్మినంత మాత్రాన ఆ హక్కు పోదని 1986లో కోర్టు చెప్పింది.

ముందు యాప్ వాళ్లను ఒప్పందం నకలు, అమ్మిన కాగితం అడగండి. యూట్యూబ్‌లో ఫిర్యాదు తర్వాత. పాత్రల పోలిక వాళ్లు తేల్చరు, అవతలివాళ్లు ఎదురు జవాబిస్తే మళ్లీ కోర్టు దారే. ఇక్కడ నేను చెప్పింది ఊరికే మాట సాయం. కాగితాలన్నీ పట్టుకుని ఒక లాయర్ దగ్గర కూర్చోండి.

బొమ్మలబాబు
ఆ ఆర్టిస్టును కూడా కనుక్కోండి మేడమ్. ఎందుకంటే పెన్ను తనదని తనకి ఇంకా తెలిసి ఉండదు.

తణుకు_టిక్కెట్టు
కనుక్కున్నాను. భీమవరం అబ్బాయి, ఇప్పుడు గచ్చిబౌలిలో యానిమేషన్ చేస్తున్నాడట. కవరుకు 400 రూపాయలు ఇచ్చారట. "అక్కా, ఆ పెన్ను మా నాన్నది, ఆయన ఆర్టీసీలో కండక్టర్" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడాలో తెలీలేదు.

గోదారిగట్టు
ఇప్పుడు చెప్పండి ఎవరి పాత్రో!

విశ్రాంత_ఉపసంపాదకుడు
ఆ నాన్నగారికి సిరీస్ చూపించండి. రెండు సిరీసులూ.

తణుకు_టిక్కెట్టు
పది రోజుల తర్వాత వచ్చాను. లాయర్ ద్వారా యాప్‌కు నోటీసు వెళ్లింది, 15 రోజుల్లో కాగితాలు ఇవ్వమని. జవాబు రాలేదు. నిన్న కాంతమ్మ మూడో ఎపిసోడ్ వచ్చింది. కథ నాది కాదు. "దిగాల్సినవాళ్లు" అనే మాట తీసేశారు. పెన్ను ఎడమ చెవి నుంచి కుడి చెవికి మారింది.

సినిమా_సందు
ఇక్కడి పోస్టులన్నీ చదువుతున్నారు మేడమ్ వాళ్లు. హాయ్ చెప్పండి.

నిద్రలేని_నాగులు
చిల్లర?

తణుకు_టిక్కెట్టు
ఇంకా టికెట్ వెనకే రాస్తోంది.